అమ్మ రాయి మీద మాట

ఒక గంట అన్నాడు. గంటలో తేల్చేస్తాడట. ఎనభై ఏడేళ్ళు మా అమ్మ మోసిన మాటను ఆమె సమాధి రాయి మీద చెక్కించవచ్చా కూడదా అన్నది, దక్షిణపు పట్నం నుంచి రైలెక్కి వచ్చిన ఆ పెద్దమనిషి, మా చర్చి పక్కగదిలో తలుపేసుకుని, మా ఊరి ఆడవాళ్ళు చేసిపెట్టిన అల్లం కేకు తింటూ ఒక్క గంటలో తేల్చేస్తాడట. తేల్చనీ. నేను మాత్రం ఈ బెంచీ మీంచి కదలను. వెనక బల్ల దగ్గర టీ పోస్తున్నారు, కప్పుల చప్పుడు వినిపిస్తోంది, నాకు వద్దు. నా తమ్ముడు కీత్ ఇదే బెంచీకి ఆ చివర కూర్చున్నాడు, టోపీ మోకాలి మీద పెట్టుకుని, నావైపు చూడకుండా. చర్చి నేలలో పడుకున్నవాళ్ళ రాయి మీద ఏ మాట ఉండాలన్నా చర్చి ఒప్పుకోవాలి, ఎవరైనా అభ్యంతరం పెడితే చర్చికి సొంత కోర్టు ఉంది, సొంత న్యాయమూర్తి ఉన్నాడు, ఆయన నల్ల గౌను తొడుక్కుని మన ఊరికే వచ్చి, మనకి బాప్తిస్మం ఇచ్చిన తొట్టి పక్కనే బల్ల వేయించుకుని కూర్చుంటాడు. 'ప్రియమైన తల్లి' అని రాస్తామంటే ఎవరూ ఏమీ అనరు. 'ప్రశాంతంగా నిద్రిస్తున్నది' అంటే అసలే అనరు, ఆమె బతికుండగా ఒక్క పూటైనా ప్రశాంతంగా కూర్చుందా అని ఎవరూ ఆరా తీయరు. నేను అడిగిందెంత? పేరు, థిర్జా ఆల్డర్సన్. పుట్టిన ఏడు, పోయిన ఏడు. కింద ఒక్క మాట, ఆక్‌వర్డ్. ఆ ఒక్క మాట కోసం రెండు చలికాలాలుగా అమ్మ రాయి లేకుండా పడుంది. తలవైపు ఒక చెక్కముక్క పాతారు, దాని మీద రంగుతో రాసిన పేరు వానకి సగం పోయింది.

పొద్దున ఆయన మొట్టమొదట అడిగిందే అది. "అమ్మా, మీ తల్లిగారిని మీరెందుకు అవమానించాలనుకుంటున్నారు?" ఎంత మర్యాదగా అడిగాడో. నాకు నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది, రెండూ ఒకేసారి వచ్చినప్పుడు నా మొహం ఎలా ఉంటుందో కీత్‌కి తెలుసు, వాడు నేలకేసి చూశాడు. ఆయన్ని అనుకుని లాభం లేదు, ఆయన ఊళ్ళో ఆ మాటకి ఉన్న అర్థాలు వేరు. విందులో ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక గ్లాసు పట్టుకుని గోడకి అతుక్కుపోయేవాడు ఆక్‌వర్డ్. చెయ్యి తగిలి కప్పు పడేస్తే ఆక్‌వర్డ్. విడాకులు తీసుకున్న మొగుడూ పెళ్ళాం ఒకే లిఫ్టులో ఎక్కితే వాళ్ళ మధ్య ఉండే మౌనం ఆక్‌వర్డ్. నా మనవరాలైతే ఆ మాటని రాగం తీసి మరీ అంటుంది, నేను బస్సులో పక్కవాళ్ళని పలకరించినా సరే, "అబ్బా అమ్మమ్మా, ఎంత ఆక్‌వర్డో" అని తల పట్టుకుంటుంది. మా లోయలో పుట్టి పెరిగినవాళ్ళని అడగండి, ఇంకోటి చెప్తారు. ఇక్కడ ఆక్‌వర్డ్ అంటే పెడసరం. నలుగురూ కలిసి తలని ఒకవైపు తిప్పబోతే రెండోవైపు తిప్పుకుని కూర్చునే మనిషి. ఏం చెయ్యాలో తెలియక కాదు, బాగా తెలిసే. నేనదే చెప్పాను ఆయనతో. "అవమానం కాదయ్యా, అది ఆవిడ పేరులో సగం" అన్నాను. ఆయన ఏదో రాసుకున్నాడు. వెనక నుంచి, అభ్యంతరం పెట్టిన గారెట్ దగ్గాడు.

పెళ్ళయిన దగ్గర్నుంచి మోకాళ్ళు అరిగేదాకా నేను గొర్రెల సంత క్యాంటీన్‌లో వడ్డించాను, ఆ మాటని ఎన్ని రకాలుగా వాడతారో నా చెవులకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. దొడ్లోకి తోలితే నాలుగు కాళ్ళూ నేలకి బిగించి నిలబడిపోయే గొర్రె ఆక్‌వర్డ్, దాని యజమాని ప్లేటులో గుడ్డు తుడుచుకుంటూ చెప్పేవాడు, "దరిద్రపుది, భలే ఆక్‌వర్డు, కానీ పిల్లల్ని ఎంత బాగా సాకుతుందో," ఆ రెండో ముక్క లేకుండా ఎవరూ ఆపరు. కీలు వంగి మూయడానికి భుజం పెట్టాల్సిన గేటు ఆక్‌వర్డ్. గడ్డి కోసే యంత్రం తిరగని పొలం మూల ఆక్‌వర్డ్, అక్కడ పువ్వులు పూస్తాయి, కుందేళ్ళు కాపురం పెడతాయి. కాళ్ళు ముందు పెట్టుకుని తల వెనక పెట్టుకుని పుట్టబోయే గొర్రెపిల్ల ఆక్‌వర్డ్‌గా వస్తోందంటారు. ఇవన్నీ సరే, మనిషినంటారు చూశారూ, అదీ అసలు తమాషా. టీ పోస్తూ పోస్తూ నేను కనిపెట్టిన సంగతి ఇది: మననుంచి ఏదో ఒకటి కావలసినవాడు తప్ప ఇంకెవడూ మనల్ని ఆక్‌వర్డ్ అనడు. పొలం కావాలి, ఓటు కావాలి, సంతకం కావాలి, నోరు మూసుకుని కూర్చోవడం కావాలి. ఇస్తే మంచిదానివి. ఇవ్వకపోతే, "అబ్బ, ఆక్‌వర్డ్‌గా ఉండకే థిర్జా." మా నాన్న ఒక్కడే వేరుగా అనేవాడు. పబ్‌లో బల్ల మీద మోచెయ్యి ఆనించి, పక్కవాడి పెళ్ళాం పాటలు బాగా పాడుతుందని విన్నాక, "మా ఆవిడ ఆక్‌వర్డులే" అనేవాడు తాపీగా, అంతకంటే గొప్ప విద్య ఉంటే చెప్పమన్నట్టు. నాన్నకి అమ్మనుంచి ఏమీ అక్కర్లేదు, ఆవిడ ఉంటే చాలు.

చల్లగా ఉంది ఇక్కడ. వేడినీళ్ళ గొట్టాలు మోగుతున్నాయి, వేడెక్కవు. పొద్దున మా తరఫున సాక్ష్యం చెప్పడానికి వచ్చిన యూనివర్సిటీ ఆవిడ కూడా వణికిపోయింది పాపం, సన్నటి స్కార్ఫు ఒకటి చుట్టుకొచ్చింది. మాటలు ఎక్కడ పుట్టాయో ఎలా తిరిగాయో చెప్పడం ఆవిడ ఉద్యోగమట, అలాంటి ఉద్యోగం ఒకటి ఉంటుందని అమ్మకి తెలిస్తే విరగబడి నవ్వేది. కానీ ఆవిడ చెప్తూంటే నా ఒంట్లో ఏదో కదిలింది. వెయ్యేళ్ళ కిందట ఉత్తరపు సముద్రం దాటి పడవల్లో వచ్చినవాళ్ళు ఈ లోయల్లో గొర్రెల్ని పెట్టుకుని ఉండిపోయారు, వాళ్ళు తెచ్చిన మాట అది, వెనక్కి తిరిగినది, ఉండాల్సిన వైపుకి ఎదురుగా ఉన్నది అని దానికి అర్థం. ఇక్కడివాళ్ళు దానికి ఓ తోక తగిలించారు, ముందుకి వెనక్కి అనే మాటలకి ఉంటుందే, ఏ వైపో చెప్పే తోక. అంటే పెడవైపుకి. ఎక్కడో ఇండియాలో పాతకాలపు భాషలో కూడా దీనికి దాయాది ఉందట, దానికీ అదే అర్థమట, చూడండి, మా అమ్మకి అంత దూరాన చుట్టాలున్నారు. పాత కథల్లో ఎడమవైపు నుంచి ఎదురుగా కొట్టే కత్తిదెబ్బని ఆ మాటతోనే చెప్పేవారట. చర్చి గంటల్ని చిన్నదానితో మొదలుపెట్టి పెద్దదానితో ముగించడం పద్ధతి, ఇల్లు తగలబడినా ఏరు పొంగినా పెద్దదాని నుంచి వెనక్కి మోగించేవారు, దాన్నీ అలాగే అనేవారట, ఆ మోత విన్నవాళ్ళు పక్కలమీంచి లేచి బయటికి పరిగెత్తేవారట. ఆ తరవాత మాట మనుషుల మీదికి వచ్చింది, చెప్పినమాట విననివాళ్ళ మీదికి. మొరటు చేతులవాళ్ళ మీదికి ఆ తరవాత వెళ్ళింది. సిగ్గుతో మెలికలు తిరిగేవాళ్ళ దగ్గరికి అన్నిటికన్నా చివర చేరింది. "కాబట్టి అయ్యా, ఈ ముగ్గురిలోనూ తమరి అర్థమే చిన్నపిల్ల" అంది ఆవిడ న్యాయమూర్తితో, చర్చి చర్చంతా నవ్వింది, ఆయన కూడా. నవ్వాడు కదా అని నేను ఆశ పెట్టుకోవడం లేదు. నవ్వినవాళ్ళు చాలామందే నాకు కాదని చెప్పారు.

ఎడమవైపు నుంచి కొట్టే దెబ్బ. అమ్మది ఎడమచెయ్యి. బళ్ళో పంతులమ్మ ఆ చేతిని వెనక్కి పెట్టించి నడుముకి రిబ్బను కట్టిందట, అమ్మ ఎదురు చెప్పలేదు, కుడిచేత్తో అక్షరాలన్నీ చక్కగా రాసి చూపించి, పంతులమ్మ మెచ్చుకున్నాక, రిబ్బను విప్పుకుని, ఎడమచేత్తో పలక తుడిచేసిందట. ఆరేళ్ళ పిల్ల. రాయగలనని చూపించడానికి రాసింది, రాయనని చూపించడానికి తుడిచింది. ఆ చెయ్యి నాకు కళ్ళముందు కనిపిస్తోంది, పొట్టి వేళ్ళు, గరుకు అరచెయ్యి, మార్చి నెల మంచులో కొట్టంలో మోకాళ్ళ మీద కూర్చుని గొర్రె కడుపులోకి మోచేతిదాకా పెట్టి, కళ్ళు మూసుకుని, అడ్డం తిరిగిన పిల్లని తిప్పుతోంది. చుట్టుపక్కల కొట్టాల వాళ్ళందరూ ఆమెకోసమే కబురు పెట్టేవారు, పశువుల డాక్టరు రావడం ఆలస్యమైతే. ఆదివారం చర్చి మెట్ల మీద ఆమెని ఆక్‌వర్డ్ అన్నవాడే సోమవారం పొద్దున తలుపు కొట్టేవాడు. అమ్మ వెళ్ళేది. కోటు తొడుక్కుంటూ తిట్టేది, కానీ వెళ్ళేది. పిల్ల బయటపడి తుమ్మాక, "చూశావా, దీనికీ నాకూ ఒకటే జబ్బు" అనేది.

గారెట్ టీ తాగుతున్నాడు, నాకు కనిపిస్తున్నాడు ఓరగా. చర్చి పెద్ద ఆయనిప్పుడు. లీడ్స్‌లో పెద్ద ఉద్యోగం చేసి రిటైరై వచ్చి కింద మిల్లు ఇల్లు కొన్నాడు, దాని వెనక కూరగాయల తోట వేశాడు, ఆ తోట మధ్యనుంచే దారి ఉంది. పైపల్లె వాళ్ళు శవాల్ని భుజాల మీద చర్చికి మోసుకొచ్చిన దారి అది, ఇల్లు కన్నా పాతది, మిల్లు కన్నా పాతది, మనుషులు నడుస్తున్నంతకాలం దాన్ని మూయడానికి ఎవరికీ హక్కు లేదు. నడవడం మానేస్తే సరి, పోతుంది. అందరూ మానేశారు, కొత్తాయనతో గొడవెందుకని, చుట్టూ తారురోడ్డు ఉంది కదా అని. అమ్మ మానలేదు. ప్రతి ఆదివారం టోపీ పెట్టుకుని, చేతిసంచీ పట్టుకుని, ఆయన బీన్సు పందిళ్ళ మధ్యనుంచి చర్చికి నడిచేది. ఆయన మొదట్లో నవ్వుతూనే అడిగాడు. "థిర్జా గారూ, రోడ్డు ఉంది కదండీ, మీరెందుకింత ఆక్‌వర్డ్‌గా ఉంటారు?" అమ్మ ఆగి, "రోడ్డు చుట్టూ పోతుంది, నేను చర్చికి పోతున్నా" అంది. ఇంకో రెండడుగులు వేసి, "మీ బీన్సుకి పేను పట్టింది చూసుకోండి" అంది. నిజంగానే పట్టింది. ఆయనకి ఆ సంగతి ఇంకా కోపం తెప్పించింది. ఇవాళ పొద్దున ఆయన కోర్టులో ఏమన్నాడో తెలుసా, తనకి వ్యక్తిగతంగా ఏమీ లేదట, సమాధుల తోట నవ్వులపాలు కాకూడదని మాత్రమేనట. మంచి మాటలు చాలా ఉన్నాయి కదా అన్నాడు. ఉన్నాయి. ఆయన దగ్గరే ఉంచుకోమనండి.

ఆ దారికి అడ్డంగా గోడ కట్టింది కీత్. ఇది చెప్పకుండా ఎలా వదిలేస్తాను, వాడు అక్కడ టోపీ నలుపుకుంటూ కూర్చునుండగా. వాడి వృత్తే అది, సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడ కట్టడం, లోయలో వాడంత బాగా పేర్చేవాడు లేడు. ఆ ఏడు పనుల్లేవు, పిల్లలు చిన్నవాళ్ళు, గారెట్ పిలిచి తోటకి అడ్డంగా గోడ కావాలన్నాడు, కీత్ కట్టాడు. అమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆ మరుసటి ఆదివారం టోపీ పెట్టుకుని వెళ్ళి, సంచీ అవతలికి విసిరేసి, డెబ్భై దాటిన మనిషి, నా తమ్ముడు కట్టిన గోడెక్కి అవతలికి దిగింది. ప్రతి ఆదివారం అంతే. ఇంట్లో వాడికి భోజనం వడ్డించేది, మాట మాత్రం లేదు, వాడి పిల్లలతో వంద మాటలు, వాడితో సున్నా. చివరికి ఓ తడి రోజున జారిపడి మణికట్టు విరిగింది. ఆసుపత్రిలో డాక్టరు జాలిపడబోతే, "కుడిదేగా, దాంతో నాకేం పని" అంది. ఆ సాయంత్రమే కీత్ గునపం పట్టుకుని వెళ్ళాడు, గారెట్ గుమ్మంలో నిలబడి పోలీసులని అరుస్తూంటే వాడు నోరెత్తకుండా తను పేర్చిన రాళ్ళు తనే ఊడదీసి, మనిషి పట్టే సందు వదిలి, కింద రాతి మెట్లు పెట్టాడు. అమ్మ చేతికి కట్టుతో ఆ పై ఆదివారం వచ్చింది, మేమంతా చూస్తున్నాం, మెట్టెక్కింది, దిగింది, వెనక్కి తిరిగి వాణ్ణి చూసి, "మెట్టు ఎత్తుగా ఉందిరా" అంది. వాడు ఏడ్చాడు. ఏడాది పైన అయింది అప్పటికి ఆమె వాడితో మాట్లాడి.

అందుకే వాడికి ఆ మాటంటే పడదు. నాకర్థమవుతుంది, అర్థం కానట్టు ఉంటాను. ఈ రెండేళ్ళలో వాడు నాతో అన్నది ఒకే ఒక్కసారి, చెక్కముక్క దగ్గర నిలబడి. "అక్కా, జీవితమంతా ఆ మాటతోనే కదే కొట్టారు ఆవిణ్ణి. పోయాక కూడా మనచేత్తో అదే చెక్కిద్దామా? ఉత్త పేరు పెట్టేద్దాం. చలిలో పడుంది." నేనేమన్నాను? "ఒరే, అమ్మ చెప్పింది" అన్నాను. వాడు, "నీకు చెప్పింది" అన్నాడు. నాకు చెప్పింది, నిజమే. ఆసుపత్రి మంచం మీద, ముక్కులో గొట్టంతో. కొత్త పాస్టరమ్మ వచ్చింది ఆ రోజు, మంచిపిల్ల, చెయ్యి పట్టుకుని, "థిర్జా గారూ, మీరు అందరికీ ఎలా గుర్తుండాలనుకుంటున్నారు?" అని అడిగింది. "ఆక్‌వర్డ్‌గా" అంది అమ్మ. పాస్టరమ్మ జోకనుకుని నవ్వింది, ప్రార్థన చేసి వెళ్ళిపోయింది. తలుపు మూసుకున్నాక అమ్మ నా మణికట్టు పట్టుకుంది, ఎడమచేత్తో, ఇంకా అంత బలం ఉంది అందులో. "నవ్వింది చూశావా. నువ్వు నవ్వకు లినెట్. రాయి మీద అదే పెట్టు. నా వెనకాల అన్నారు ఇన్నాళ్ళూ, ఇక నా ఎదురుగా నిలబడి చదువుకోమను." ఇంకేం చెప్పలేదు. ప్రేమగా ఏదన్నా అంటుందేమోనని చూశాను. అనలేదు. ఆమె ఎప్పుడూ అనలేదు, నా మొగుడు ఇంకో మనిషిని తగులుకున్నప్పుడు కూడా అనలేదు, అందరూ పుట్టింటికి వచ్చెయ్యమంటే అమ్మ ఒక్కతే వద్దంది, "ఇల్లు నీది కూడా, నువ్వెందుకు పోతావ్, వాణ్ణే పొమ్మను" అని ఒక పెట్టె సర్దుకుని వచ్చి నా వంటగదిలో కుర్చీ వేసుకుని కూర్చుంది, వాడు ఎదురుగా వచ్చినప్పుడల్లా బంగాళాదుంపలు చెక్కు తీస్తూ చూసేది, ఏమీ అనేది కాదు, వారం తిరక్కుండా వాడే పోయాడు. అదీ మా అమ్మ. నాకు ఆమె మీద కోపాలున్నాయి, బోలెడున్నాయి, అన్నీ అలాగే ఉన్నాయి, వాటితో సహా నాకామె కావాలి. 'ప్రియమైన తల్లి' అని రాస్తే ఆ రాయి కింద ఎవరో పరాయి ఆవిడ పడుకుంటుంది, నేను పువ్వులు పట్టుకెళ్ళి ఎవరికో పెట్టి వస్తాను.

తలుపు చప్పుడైంది. అందరం లేచాం. ఆయన వచ్చి కూర్చున్నాడు, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు, ఆ తుడుచుకోవడంలోనే నాకు తెలిసిపోయింది. ఆయన మంచిగానే మాట్లాడాడు, ఆ మాట చరిత్ర తనకి ఎంతో నచ్చిందన్నాడు, ఈ లోయలో దాని అర్థం తనకి ఇప్పుడు బాగా తెలిసిందన్నాడు. "కానీ రాయిని చదివేది మీరు కాదమ్మా. మీరూ నేనూ పోయాక, ఈ ఊరు తెలియనివాడెవడో వస్తాడు. వాడి కంటికి ఇది నింద. చచ్చిపోయిన మనిషి నిందకి జవాబు చెప్పుకోలేదు. ఆమె తరఫున ఆలోచించాల్సినవాణ్ణి నేను." అందుకని ఆ మాటకి అనుమతి లేదు. అయితే కుటుంబం మనసు కష్టపెట్టడం తన ఉద్దేశం కాదు కాబట్టి, గారెట్ గారు పెద్దమనసుతో సూచించిన ఇంకో మాటకి ఇప్పుడే, ఇక్కడే అనుమతి ఇస్తానన్నాడు. రేపే రాయి నిలబెట్టుకోవచ్చు. "స్థిరచిత్త" అని. చదివి, మాకేసి చూశాడు. "ఇద్దరికీ సమ్మతమేనా?"

రేపే. రెండేళ్ళుగా వానలో ఉన్న మట్టిదిబ్బ కళ్ళముందు కదిలింది. సరే అంటే రేపే. నేను నోరు తెరిచాను, ఏమంటానో నాకే తెలియదు, ఈలోగా బెంచీ ఆ చివర కిర్రుమంది. కీత్ లేచాడు. నలుగురిలో నోరు విప్పడమంటే వాడికి చావుతో సమానం, చెవులు ఎర్రబడ్డాయి.

"ఎవరండీ ఆవిడ?" అన్నాడు.

న్యాయమూర్తి అర్థం కాక చూశాడు.

"స్థిరచిత్త అన్నారే, ఎవరావిడ? నాకు తెలీదు. మా అమ్మని ఆ మాట ఎవరూ అన్లేదు. ఒక్కడన్నా అన్లేదు. ఈ గారెట్ గారే అన్లేదు, అడగండి. ఆ మాట పెడితే మా అమ్మ ఆ రాయి ఎక్కి దిగి వెళ్ళిపోద్ది." ఊపిరి తీసుకున్నాడు. "నాకు మొదట్నుంచీ ఆ ఇంకో మాట ఇష్టం లేదండీ. అక్కకి తెలుసు. కానీ అది మా అమ్మది. ఇది కాదు."

వాడు కూర్చోలేదు. నావైపు చూశాడు, నలిగిన టోపీ రెండుచేతుల్తో పట్టుకుని. రెండేళ్ళుగా నేను ఒక్కదాన్నే మోస్తున్నాననుకున్నది అప్పుడు సగం తేలికైంది, మోకాళ్ళలో నొప్పి కూడా తెలియలేదు లేచేటప్పుడు. ఏం చెప్పాలో నాకు అప్పటికప్పుడే తట్టింది, ముందుగా అనుకున్నది కాదు. "అయ్యా, పేరుకి అనుమతి ఉందా?" అన్నాను. ఉందన్నాడు. "ఏళ్ళకి?" ఉందన్నాడు. "అయితే అవి చెక్కిస్తాం. కింద ఒక మాట పట్టేంత చోటు నున్నగా చెక్కించి, ఉత్తదిగా వదిలేస్తాం. ఉత్తచోటు వదలకూడదని మీ చట్టంలో ఉందా?" ఆయన పక్కనున్న గుమస్తా అమ్మాయిని చూశాడు, ఆ అమ్మాయి పుస్తకం తిరగేసింది, తల అడ్డంగా ఊపింది. లేదు. రాయి ఎంత ఎత్తుండాలో ఉంది, ఏ రంగుండాలో ఉంది, రాయని చోటు గురించి ఎవరికీ ఆలోచన రాలేదు. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు, ఆ నవ్వు ఇంకో బెంచీకి పాకింది. సంతలో నా చేతి టీ తాగినవాళ్ళంతా అక్కడే ఉన్నారు.

గారెట్ లేచి నిలబడ్డాడు. మొహం కందగడ్డలా అయింది. "చూడండయ్యా, చూడండి, కావాలనే చేస్తున్నారు! ఆ ముసలావిడ ఎంత ఆక్‌వర్డో ఈ ఇద్దరూ అంతే!"

అన్నాక తెలిసింది ఆయనకి. చర్చి అంతా వింది. కీత్ భుజాలు కదులుతున్నాయి, నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు, బహుశా రెండూనేమో. మా లోయ అర్థంలో నన్నెవరూ అంతకుముందు ఆ మాట అనలేదు. ఎప్పుడూ సర్దుకుపోయేదాన్ని నేను, క్యాంటీన్‌లో అందరికీ మంచిదాన్ని. సిగ్గు లేకుండా చెప్తున్నాను, నా జీవితంలో ఎవరిచేతా అంత మంచిమాట అనిపించుకోలేదు. "థాంక్సండీ" అన్నాను గారెట్‌తో, మనస్ఫూర్తిగానే.

న్యాయమూర్తి బల్లమీద వేళ్ళతో కొట్టాడు. ఆయన పెదవుల చివర ఏదో ఉంది, దాన్ని అణుచుకుని అడిగాడు, "మంచిదమ్మా. ఆ చోటు ఎంతకాలం అలా వదిలేద్దామని?"

"మీ తరవాత ఇంకో న్యాయమూర్తి వస్తారు కదండీ," అన్నాను. "ఆయన్ని అడుగుతాం. ఆయనా కాదంటే ఆ తరవాతాయన్ని, మేం లేకపోతే మా పిల్లలు అడుగుతారు. రాయికి తొందరేం లేదు."